వైజాగ్‌లో తీసిన చిన్న లవ్ స్టోరీ, ఇందులో అందరినీ సరిగ్గా చూపించారా లేదా అని ఎలా అంచనా వెయ్యాలి?

బీచ్‌రోడ్ బండి:
అందరికీ నమస్తే అండి. మా ఫ్రెండ్స్ కొంతమంది సొంత డబ్బులు, కొంచెం అప్పులు పెట్టి ఇక్కడే ఒక సినిమా తీశారు, రొమాంటిక్ డ్రామా, స్టార్లు ఎవరూ లేరు, రఫ్ కట్, అంటే మొదటి ఎడిటింగ్, గంటా యాభై నిమిషాలు వచ్చింది. బయటి దేశంలో ఒక ఫెస్టివల్‌కి పంపుదాం అనుకుంటుంటే ఆ ఫారంలో మీ సినిమాలో డైవర్సిటీ, రిప్రజెంటేషన్ ఎలా ఉన్నాయో ఒక పేజీ రాయమన్నారు. రాసే పని నాకు అప్పజెప్పారు. నేను సినిమాలో పని చెయ్యలేదు కాబట్టి నిజాయితీగా చెప్పగలను అని వాళ్ళ నమ్మకం.

కథ చెప్తాను. 2014లో జరుగుతుంది. అబ్బాయిది జాలరిపేట, ఐటీఐ చదివి ఉద్యోగం లేక నాన్నతో పాటు బోటు మీద వేటకి వెళ్తుంటాడు. అమ్మాయిది ఎంవీపీ కాలనీ, బ్యాంకులో పని, వాళ్ళ నాన్న స్టీల్ ప్లాంట్‌లో ఆఫీసరుగా రిటైర్ అయ్యారు. ఇద్దరూ ఫిషింగ్ హార్బర్ దగ్గర కలుస్తారు, సమ్మర్ అంతా ప్రేమ, తర్వాత ఇంట్లో తెలుస్తుంది, చివర్లో హుద్‌హుద్ తుపాను రోజు అబ్బాయి సముద్రంలో చనిపోతాడు. పక్క పాత్రలు ఏంటంటే హీరో ఫ్రెండ్ ఒక ముస్లిం కుర్రాడు, మెకానిక్, అతని మీద కామెడీ ఉంటుంది. హీరోయిన్‌తో బ్యాంకులో చేసే అమ్మాయి పాడేరు వైపు నుంచి వచ్చింది, ఆ అమ్మాయి ఊరు వెళ్ళినప్పుడు అరకులో ఒక పాట ఉంది. హీరోయిన్ తమ్ముడికి వినపడదు, మాట రాదు. రైల్వే స్టేషన్‌లో ఒక హిజ్రా ఇద్దరినీ దీవించే సీన్ ఉంది.

చూస్తే అన్నీ ఉన్నట్టే ఉన్నాయి కదా, ఫారం నింపడానికి ఇబ్బందే లేదు. కానీ సినిమా చూసి లేచాక ఏదో వెలితి, ఇంతమంది ఉన్నారు గానీ ఇద్దరు ముగ్గురు తప్ప ఎవరూ గుర్తు లేరు. ఇంకోటి, ఆ ఫారంలో రేస్, జెండర్, డిసెబిలిటీ, ఎల్‌జీబీటీక్యూ అని కాలమ్స్ ఉన్నాయి, కులం అనే మాటే లేదు. మన దగ్గర ప్రేమకథ అంటే ముందు అడిగేది అదే కదా. ఏం చూసి అంచనా వెయ్యాలి, ఏ ప్రశ్నలు వేసుకోవాలి, తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్. ఫారం గడువు మే నెలాఖరు.

అల్లిపురం నాటకాలు:
మంచి ప్రశ్న అడిగావు తమ్ముడూ. ముందు అందరూ చెప్పే టెస్టుల సంగతి చెప్తా, అవి ఎంతవరకు పనికొస్తాయో కూడా. బెక్డెల్ టెస్ట్ అని ఉంది, అలిసన్ బెక్డెల్ 1985లో తన కామిక్ స్ట్రిప్‌లో పెట్టింది, ఇద్దరు ఆడవాళ్ళు ఉండాలి, వాళ్ళిద్దరూ మాట్లాడుకోవాలి, ఆ మాటలు మగవాడి గురించి కాకుండా ఉండాలి, అంతే. లవ్ స్టోరీకి దీన్ని అలాగే పెడితే సగం మంచి సినిమాలు కూడా ఫెయిల్ అవుతాయి, ఎందుకంటే ప్రేమలో ఉన్న అమ్మాయి ఫ్రెండ్‌తో అతని గురించే మాట్లాడుతుంది, అది తప్పు కాదు. అయితే మీ సినిమాలో బ్యాంకులో ఇద్దరమ్మాయిలు ఉన్నారన్నావు, వాళ్ళు పని గురించో జీతం గురించో ట్రాన్స్‌ఫర్ గురించో ఒక్క మాటైనా అనుకున్నారా? లేకపోతే ఆ రెండో అమ్మాయి హీరోయిన్ చెప్పింది వినడానికే ఉందన్నమాట.

నాకు ఎక్కువ పనికొచ్చింది విటో రస్సో టెస్ట్. గ్లాడ్ అనే అమెరికన్ సంస్థ ఎల్‌జీబీటీక్యూ పాత్రల కోసం పెట్టింది, అందులో ముఖ్యమైన ప్రశ్న ఒకటే, ఈ పాత్రని తీసేస్తే కథకి ఏమైనా లోటు వస్తుందా అని. దీన్ని మీ సినిమాలో ప్రతి పక్క పాత్రకీ వేసి చూడు. స్టేషన్‌లో హిజ్రా సీన్ తీసేస్తే ఏమీ కాదు కదా? అంటే ఆవిడని దీవెన కోసం వాడుకున్నారు. పేరు లేదు, ఎక్కడ ఉంటుందో లేదు, ఆ రోజు ఆవిడ స్టేషన్‌కి ఎందుకొచ్చిందో లేదు. సుప్రీంకోర్టు నల్సా తీర్పుతో ట్రాన్స్‌జెండర్లని థర్డ్ జెండర్‌గా గుర్తించింది 2014 ఏప్రిల్‌లో, మీ కథ జరిగేది ఆ సంవత్సరమే, ఆ విషయం రాసినవాళ్ళకి తెలుసా లేదా అని కూడా నాకు అనుమానం.

మన ఊరి లెక్క చూడాలంటే కేరాఫ్ కంచరపాలెం మర్చిపోకూడదు. 2018లో వచ్చింది, వెంకటేష్ మహా తీశారు, వేసినవాళ్ళలో చాలామంది ఆ పేట మనుషులే, అంతకుముందు కెమెరా ముఖం చూడనివాళ్ళు. యాభైకి దగ్గరపడిన అటెండరు, ఒడిశా నుంచి ఆఫీసరుగా వచ్చిన వితంతువు, వీళ్ళిద్దరి ప్రేమ చూపించారు. నాకు ఆ సినిమాలో నచ్చింది అన్ని మతాలు ఉన్నాయని కాదు, అక్కడ ప్రతివాడికీ ఏదో ఒకటి కావాలి, అది దొరకడానికో పోవడానికో వాళ్ళు ఏదో చేస్తారు. నీ రఫ్ కట్‌లో పాత్రల పక్కన రాసుకో, ఇతనికి ఏం కావాలి, దానికోసం ఏం చేశాడు అని. ఖాళీగా మిగిలిన చోట్లే నీ పేజీ.

గాజువాక 26:
అందరికీ కోపం రావచ్చు గానీ నేను ఒకటి అడుగుతా. ఇది ఇద్దరి ప్రేమకథ. చిన్న బడ్జెట్. అప్పు చేసి తీసినవాళ్ళు. ప్రతి కులం ప్రతి మతం ప్రతి వైకల్యం పెట్టాలి, అందరికీ కథ ఉండాలి, అందరి కోరికలూ చూపించాలి అంటే ఇంక ఆ ఇద్దరి గురించి చెప్పేది ఎప్పుడు? ఒక వీధిలో ఇద్దరి కథ చెప్తే అది తక్కువ సినిమా అయిపోతుందా? ఫెస్టివల్ వాళ్ళకి కాలమ్స్ కావాలి కాబట్టి మనం కూడా కాలమ్స్ నింపుకుంటూ కూర్చుంటే కథ పోతుంది.

పెదజాలారిపేట అమ్మాయి:
గాజువాక అన్నా, మీరన్నదాంట్లో సగం నేనూ ఒప్పుకుంటాను. ఒక వీధిలో ఇద్దరి కథ చాలు, ఎవరూ ఎక్కువ మందిని పెట్టమనట్లేదు. కానీ ఆ వీధి మా వీధి అయినప్పుడు మమ్మల్ని చూసి తీశారా లేదా అన్నది అడుగుతాం కదేటి.

నేను పుట్టి పెరిగింది పెదజాలారిపేటలోనే, నాన్న, చిన్నాన్న బోటుకి ఎల్తారు, అమ్మ చేపలు అమ్ముద్ది, నేను డిగ్రీ అయ్యి ఇప్పుడు ఒక ప్రైవేట్ ఆఫీసులో చేస్తున్నా. బీచ్‌రోడ్ అన్నయ్యా, మీరు చెప్పిన కథలో నాకు కొన్ని డౌట్లు ఉన్నాయి, సినిమా చూడకుండానే అడుగుతున్నా. సమ్మర్ అంతా ప్రేమ, అబ్బాయి బోటు మీద ఎల్లి వొస్తుంటే అమ్మాయి హార్బర్‌లో ఎదురుచూస్తుంది, అంతేనా? ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం, మరబోట్లు కదలవు, చేపలు గుడ్లు పెట్టే టైమని గవర్నమెంటు ఆపేస్తుంది. ఇప్పుడైతే 61 రోజులు, జూన్ 14 దాకా. మే నెలలో మావోళ్ళు బోటు మీద ఉండరు, వలలు బాగుచేసుకుంటారు, ఇంజన్ పని చేయించుకుంటారు, కొంతమంది కూలికి పోతారు, ఇంట్లో డబ్బులుండవు, వడ్డీకి తెస్తారు. ప్రేమకథకి ఇంతకంటే మంచి టైమ్ ఏటుంటుంది చెప్పండి, అబ్బాయి రోజంతా ఒడ్డునే ఉంటాడు, జేబులో రూపాయుండదు, అమ్మాయికి జీతం వొస్తుంది. కాఫీకి కూడా ఆ అమ్మాయే డబ్బులివ్వాలి. ఆ సిగ్గు, ఆ గొడవ, అది కదా మా కథ. మీవాళ్ళు సముద్రం అందంగా ఉందని బోటు షాట్లు పెట్టుకున్నారు.

తర్వాత మా అమ్మలు. మీరు హీరో వాళ్ళమ్మ గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు, అంటే సినిమాలో ఏడవడానికి తప్ప లేదనుకుంటున్నా, అవునా కాదా మీరే చెప్పండి. మా పేటలో చేప ఒడ్డుకొచ్చాక డబ్బులు లెక్కంతా ఆడోళ్ళదే. తెల్లారకుండా హార్బర్‌లో చేపల వేలం పాట పెడతారు, కోనాం ఎంత, చందువా ఎంత అని మగోళ్ళతో సమానంగా అరిచి పాడుకుని, ఐస్ వేసుకుని, ఆటోలో తట్టలెత్తుకుని కాలనీలకి ఎల్తారు. మీ ఎంవీపీ కాలనీ అమ్మాయి ఇంటికి చేపలు తెచ్చేది ఆ అబ్బాయి వాళ్ళమ్మే అయ్యుండొచ్చు! ఏళ్ళ తరబడి ఆ గుమ్మంలో కూర్చుని చేప కోసి ఇచ్చిన మనిషి, రేపు వియ్యపురాలిగా ఎలా వొస్తుంది లోపలికి? ఆ సీన్ ఉంటే ఫారంలో మీరు పేజీ రాయక్కర్లేదు.

ఇప్పుడు నాకు బాగా బాధ కలిగించిన సంగతి. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న వైజాగ్ మీదే తీరం దాటింది, నేను అప్పుడు స్కూల్లో ఉన్నా, మాకు ముందు నుంచే వేటకి ఎల్లొద్దని చెప్పేశారు, బోట్లన్నీ ఒడ్డుకి చేర్చుకున్నాం, అయినా ఎన్నో పోయాయి. మా వోళ్ళు గాలిని చూసి చెప్పగలరు, ఆ రోజు సముద్రంలోకి ఎల్లే పిచ్చోళ్ళు కాదు. మరి మీ హీరో ఎందుకెళ్ళాడు? ప్రేమ విఫలమైందనా? నాకు అనిపించింది చెప్తాను, కథలో ఆ అమ్మాయి వాళ్ళింట్లో పెళ్ళికి కుదరదని గట్టిగా చెప్పాలి, ఆ మాట కులం పేరు పెట్టి చెప్పాలి, ఆ సీన్ రాయడానికి భయపడి కులం చెయ్యాల్సిన పనిని తుపానుకి అప్పజెప్పేశారు. తుపాను చంపితే ఎవరిమీదా తప్పుండదు, చూసినోళ్ళు ఏడ్చి ఇంటికెళ్ళిపోతారు, ఆ స్టీల్ ప్లాంట్ ఆఫీసరు గారు కూడా ఏడుస్తారు. రెండు కులాల ప్రేమలో పోయేది ఎప్పుడూ మావైపు వాడేనా అన్నయ్యా?

ఇంకొక్క ప్రశ్న. మాది జాలరి అని మొదటి సీన్లోనే చెప్పేసుంటారు. ఆ అమ్మాయిది ఏ కులం?

బీచ్‌రోడ్ బండి:
చెల్లీ, రాత్రి మళ్ళీ మొత్తం సినిమా పెట్టుకుని చూశాను. అమ్మాయి కులం ఎక్కడా లేదు. ఒక్క డైలాగ్‌లో కూడా లేదు. అబ్బాయిది మాత్రం రెండో నిమిషంలోనే ఉంది. వాళ్ళమ్మకి మొత్తం సినిమాలో ఉన్న మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అన్నీ ఏడుపులోనే. డైరెక్టర్‌కి ఫోన్ చేసి అడిగితే హార్బర్‌లో వేలం పాట సీను షూట్ చేశారంట, నిజం చేపలమ్మే ఆవిడతోనే తీశారంట, లెంగ్త్ ఎక్కువైందని ఎడిటింగ్‌లో తీసేశారంట. నాకు నోట మాట రాలేదు.

అల్లిపురం నాటకాలు:
అమ్మా, నువ్వు అడిగిన ఆఖరి ప్రశ్న దగ్గరే మొత్తం ఉంది. కింద ఉన్నవాడికి కులం, పైన ఉన్నవాళ్ళకి కుటుంబం, పరువు, సంప్రదాయం. మన సినిమాల్లో ఇది ఎప్పటినుంచో ఉన్న అలవాటు. అలాగని మొదటినుంచీ అందరూ తప్పించుకున్నారని కాదు, 1938లోనే గూడవల్లి రామబ్రహ్మం గారు మాలపిల్ల తీశారు, చలం కథ, దళిత అమ్మాయికీ బ్రాహ్మణ అబ్బాయికీ ప్రేమ, రెండు వైపులా కులం పేరు పెట్టి చెప్పిన సినిమా. అంత పాతకాలంలో చెయ్యగలిగింది ఇప్పుడు అప్పు చేసి తీసిన కుర్రాళ్ళు చెయ్యలేరా, వాళ్ళని ఆపే హీరో లేడు, పెద్ద ప్రొడ్యూసర్ లేడు.

ఎవరు ఏ పాత్ర వేశారు అన్నది కూడా రాయి తమ్ముడూ. జాలరి పాత్రకి జాలరి కుర్రాడిని తీసుకోవడం ఒకటి, హీరోయిన్ పాత్ర జాలరిపేట అమ్మాయికి ఇవ్వడం ఇంకొకటి, రెండోది మనకి తట్టదు. మలయాళ సినిమాకి మొదటి హీరోయిన్ పి.కె. రోజీ, దళిత మహిళ, నాయర్ స్త్రీ పాత్ర వేసిందని జనం ఎగబడితే ఊరొదిలి పారిపోవాల్సి వచ్చింది. ఆ భయం ఇంకా ఎక్కడో ఉంది, అందుకే ఒక రకం మొహాలకి ఒక రకం పాత్రలే ఇస్తారు.

చింతపల్లి కాఫీ:
పాడేరు అమ్మాయి గురించి ఎవరూ అనలేదు కాబట్టి నేను రాస్తున్నా, మాది అటువైపే. అరకులో పాట అంటే నాకు చూడకుండానే తెలిసిపోయింది, వెనకాల ఆడవాళ్ళు చేతులు పట్టుకుని మా థింసా డాన్స్ వేస్తుంటారు, ముందు హీరో హీరోయిన్లు నడుస్తుంటారు, అవునా? ఆ వెనకున్నవాళ్ళు ఏ తెగవాళ్ళో అడిగారా, వాళ్ళు మాట్లాడింది ఏమైనా పెట్టారా? మా దగ్గర భగత, కొండదొర, వాల్మీకి, పోర్జ, గదబ, కోందు ఇలా ఎన్నో తెగలు, మేం ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగే అనుకుంటారు, చాలామంది ఆదివాసీ ఒడియా మాట్లాడతారు, కువి మాట్లాడతారు. ఆ అమ్మాయి బ్యాంకు ఉద్యోగం దాకా వచ్చిందంటే ఆశ్రమ పాఠశాలలో, హాస్టల్లో ఉండి, తెలుగు సరిగ్గా పలకట్లేదని మాటలు పడి, పోటీ పరీక్ష రాసి వచ్చి ఉంటుంది. మీ హీరోయిన్ కంటే గట్టి మనిషి తను. ఆ అమ్మాయికి ఫోన్ వస్తే ఇంట్లోవాళ్ళతో తన భాషలో ఒక్క నిమిషం మాట్లాడే సీన్ పెట్టినా చాలు, అదీ హీరోయిన్ పక్కన కూర్చుని అర్థంకాక వింటూ ఉండాలి. ఆ పాట మాత్రం తీసెయ్యమని నా మనవి. లేదంటే వేసినవాళ్ళ పేర్లు టైటిల్స్‌లో పడాలి, డాన్సర్స్ అని ఒక్క మాటతో సరిపెట్టకుండా ఒక్కొక్కరి పేరూ ఊరూ వెయ్యాలి, డబ్బులు కూడా సిటీ నుంచి వచ్చిన జూనియర్ ఆర్టిస్టులకి ఇచ్చినంత ఇవ్వాలి.

పెందుర్తి టీచర్:
నేను వినికిడి లోపం ఉన్న పిల్లలకి చదువు చెప్తాను. ఆ తమ్ముడి పాత్ర గురించి నాలుగు మాటలు. వేసిన అబ్బాయికి నిజంగా వినపడదా, లేక వినపడే అబ్బాయితో చేయించారా? ఇంట్లో అక్క అతనితో సైన్‌లో మాట్లాడుతుందా? ఇరవై ఏళ్ళు ఒక ఇంట్లో పెరిగితే ఆ అక్కాతమ్ముళ్ళ మధ్య వాళ్ళకే తెలిసిన సైగలు బోలెడు ఉంటాయి, అమ్మానాన్నలకి కూడా సగం అర్థం కావు. అంటే అక్క ప్రేమ సంగతి ఇంట్లో మొదట తెలిసేది తమ్ముడికే, వాళ్ళ నాన్న ఎదురుగా కూర్చునే ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోవచ్చు! మీవాళ్ళు ఆ అబ్బాయిని జాలి కోసం పెట్టి ఇంత మంచి అవకాశం వదిలేసుకున్నారు.

2024 జూలైలో సుప్రీంకోర్టు సినిమాల్లో వికలాంగులని ఎలా చూపించాలో ఒక తీర్పులో చెప్పింది, వైకల్యాన్ని ఎగతాళి చేసే హాస్యం వేరు, వైకల్యం గురించి మనిషికి అర్థమయ్యేలా చేసే హాస్యం వేరు అని విడదీసి చెప్పింది, రాసేటప్పుడు వాళ్ళనే కలుపుకోవాలి అని కూడా ఉంది. అదే సంవత్సరం మార్చిలో కేంద్రం థియేటర్లలో చూపించే సినిమాలకి క్యాప్షన్లు, ఆడియో డిస్క్రిప్షన్ గురించి గైడ్‌లైన్స్ ఇచ్చింది. ఫెస్టివల్ కోసం ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ ఎలాగూ వేస్తారు, తెలుగు క్యాప్షన్లు కూడా వెయ్యండి, తలుపు చప్పుడు, అలల చప్పుడు, పాట మొదలైంది ఇలాంటివి కూడా రాసి. వినపడని అబ్బాయిని కథలో పెట్టి, అలాంటి పిల్లలు చూడలేని సినిమా చేస్తే ఎలా అండి. క్యాప్షన్లు రాయడంలో సాయం కావాలంటే నేను చేస్తాను, డబ్బులేమీ వద్దు.

గాజువాక 26:
చదివాను అందరివీ. ఆ తమ్ముడి సీన్, చేపలమ్మే అమ్మ గుమ్మంలో సీన్, ఇవి కథని బాగుచేసేవే, నేను కాదనట్లేదు. నా గొడవ ఫారం గురించే. ఆస్కార్ వాళ్ళు కూడా బెస్ట్ పిక్చర్‌కి ఇలాగే పెట్టారు, 2020లో ప్రకటించి 2024 అవార్డుల నుంచి తప్పనిసరి చేశారు, నాలుగు స్టాండర్డ్స్‌లో రెండు నెగ్గితే చాలు. తెర మీద ఒకటి, తెర వెనక టీమ్‌లో ఒకటి, ట్రైనింగ్ అవకాశాలు ఒకటి, మార్కెటింగ్ ఒకటి. అందులో కులం వెతికినా దొరకదు, వాళ్ళ దేశానికి రాసుకున్నారు. మరి మనవాళ్ళు ఆ ఫారంలో ఏం రాస్తారు?

అల్లిపురం నాటకాలు:
కాలమ్ లేకపోతే కింద ఖాళీ పేజీ ఉంది కదా తమ్ముడూ, అందులో రాయాలి. అయితే తెర వెనక అన్నావు చూడు, అది మనం కూడా అడగాలి. రైటర్ ఎవరు, కెమెరా ఎవరు, ఎడిటర్ ఎవరు, ఆ వేలం పాట సీన్ తీసేద్దాం అన్న రోజు ఎడిట్ రూమ్‌లో జాలరిపేట మనిషి ఒక్కరున్నా, కనీసం ఒక ఆడమనిషి ఉన్నా అది పోయేది కాదు. ఒక్క విషయం మర్చిపోయా, ముస్లిం కుర్రాడు. మెకానిక్ అవ్వడం తప్పు కాదు, వన్‌టౌన్‌లో నిజంగా ఉన్నారు. కానీ అతనికీ ఒక ప్రేమ, ఒక అమ్మ, ఒక అప్పు ఉంటాయి కదా, కామెడీ అయిపోగానే అతను కథలోంచి మాయమైతే బాగోదు.

బీచ్‌రోడ్ బండి:
నిన్న డైరెక్టర్, ఎడిటర్, నేను కూర్చున్నాం. ఈ థ్రెడ్ మొత్తం చదివి వినిపించా, మొదట డైరెక్టర్ కొంచెం నొచ్చుకున్నాడు, తర్వాత మాట్లాడాడు. మళ్ళీ షూటింగ్‌కి డబ్బుల్లేవు, ఒక్క రోజు ప్యాచ్‌వర్క్ చెయ్యగలం అంతే. అనుకున్నవి ఇవి. హార్బర్‌లో వేలం పాట సీన్ వెనక్కి వస్తుంది, పూర్తిగా. స్టేషన్ సీన్ పోతుంది. థింసా షాట్లు పోతాయి, అరకు పాటలో మిగిలింది ఉంటుంది. ఆ ఒక్క రోజు దేనికి వాడాలన్నది పెద్ద గొడవైంది, చివరికి గుమ్మం సీనే తీద్దామన్నారు, హీరో వాళ్ళమ్మ చేపలు అమ్మడానికి వాళ్ళింటికి రావడం, పెళ్ళి మాట ఎత్తడం, అమ్మాయి నాన్న తన కులం పేరు తన నోటితో చెప్పి కుదరదనడం. తమ్ముడు అక్కడే కూర్చుని అక్కతో సైగలు చేస్తాడు, టీచర్ గారూ మీ స్టూడెంట్స్‌లో పెద్దవాళ్ళెవరికైనా నటించే ఆసక్తి ఉందేమో అడుగుతారా, ఇప్పుడున్న అబ్బాయికి వినపడుతుంది, ఆ పాత్ర ఉన్నదే మూడు సీన్లు కాబట్టి మూడూ ఆ రోజే మళ్ళీ తీసుకుంటాం అంటున్నారు.

క్లైమాక్స్ మీద మాత్రం తేలలేదు. తుపాను షాట్లకి చాలా ఖర్చయింది, తీసెయ్యడానికి మనసు రావట్లేదు వాళ్ళకి. ఎడిటర్ అన్నది ఏంటంటే తుపాను ఉంచి చావు తీసేద్దాం, మర్నాడు పొద్దున అబ్బాయి ఒడ్డున విరిగిన బోట్ల మధ్య ఉంటాడు, అమ్మాయి వస్తుందో రాదో అక్కడ తేల్చాలి అని. జాలరిపేట చెల్లీ, నువ్వేమంటావు?

పెదజాలారిపేట అమ్మాయి:
బతికుంటే చాలు అన్నయ్యా, మిగతాది ఆ అమ్మాయి తేల్చుకోవాలి. తను రావాలా వొద్దా అన్నది తన నోటితోనే చెప్పించండి, వాళ్ళ నాన్న మాటతోనో పక్క షాట్‌తోనో చెప్పించొద్దు. మర్నాడు పొద్దున మా ఒడ్డు ఎలా ఉందో మా ఇళ్ళల్లో అందరికీ గుర్తే, ఏ బోటు ఎక్కడికి కొట్టుకొచ్చిందో కూడా చెప్తారు, మీ ఎడిటర్ గారిని వొచ్చి అడగమనండి.

ఫెస్టివల్‌కి పంపేముందు మా పేటలో ఒకసారి వెయ్యండి. ఏప్రిల్ 15 దాటాక పెట్టుకుంటే మగోళ్ళందరూ ఒడ్డునే ఉంటారు, అమ్మలకి చేపలుండవు కాబట్టి సాయంత్రం ఖాళీ. తెరకీ కరెంటుకీ నేను మాట్లాడతాను. మైకు ఒకటి తెచ్చుకోండి, అయిపోయాక అడుగుతారు, గట్టిగానే అడుగుతారు.